తెర తీస్తానన్న ఆవిడ

ఆ క్యాసెట్టు ఇప్పటికీ నా బీరువాలో పట్టుచీరల అడుగున ఉంది. అట్ట మీద ఫొటో ఆవిడది, పేరు ఆవిడది, లోపల పాడిన గొంతు నాది. ఈ మాట బయట చెబితే ఇంతవరకూ నమ్మిన మనిషి లేదు. మొదట్లో చెప్పుకుని ఏడ్చేదాన్ని, తరవాత చెప్పడమే మానేశాను, ఇదిగో ఇప్పుడు మళ్ళీ చెబుతున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం.

డెబ్బైల చివర మేము షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నేను ఆస్పత్రిలో నర్సుని, మా ఆయన ఇంజినీరు, మా అమ్మాయికి అప్పుడప్పుడే పాలపళ్ళు ఊడుతున్నాయి. బట్టలు ఉతుక్కోవడానికి బిల్డింగంతటికీ కలిపి బేస్‌మెంట్‌లో ఒక గది ఉండేది. కిటికీ లేని సిమెంటు గది, కాస్త గొంతెత్తితే చాలు నాలుగు గోడలూ మోగేవి. ఒక శనివారం పొద్దున, ఎవరూ లేరు కదా అని, దుప్పట్లు మడతపెడుతూ చిన్నప్పటి కీర్తన ఒకటి పాడుకుంటున్నాను. వెనకనుంచి బొంగురుగా ఒక మాట వినబడింది. గొంతుతో కాదు, పొట్టతో పాడాలిట.

తిరిగి చూస్తే మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ. అరవై దాటిన మనిషి, చెత్త పారెయ్యడానికైనా లిప్‌స్టిక్ లేకుండా గడప దాటదు. అడగని సలహా ఇచ్చేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట. మర్యాదకి నవ్వి ఊరుకున్నాను. ఆవిడ ఊరుకుంటేనా! బట్టల బుట్ట కింద పెట్టి, నా దగ్గరికొచ్చి, పక్కటెముకల కింద వేళ్ళు ఆనించి, ఇప్పుడు పాడు అంది. పాడాను. గదిలో మోత మారిపోయింది. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఆవిడ ఒకప్పుడు పెద్ద బ్యాండులో గాయని. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో డాన్సు హాళ్ళ వెంట ఊరూరా తిరిగే బ్యాండ్లు ఉండేవిట. బాకాలు, శాక్సఫోన్లు, డ్రమ్ములు వాయించే మగవాళ్ళంతా కలిసి ఒక బస్సు నిండా ఉంటే, వాళ్ళ మధ్య పాడటానికి ఒకే ఒక్క ఆడపిల్ల. ఆ పిల్లకి స్టేజీ మీద బ్యాండు ముందు ఒక కుర్చీ వేసేవాళ్ళు. చేతులకి గ్లౌజులు తొడుక్కుని, ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రమంతా మొహాన నవ్వు చెదరకుండా కూర్చోవాలి. వాయిద్యాల మధ్య ఒక్క చరణం ఆమెకి వదిలేవాళ్ళు. లేచి, మైకు ముందు ఆ చరణం పాడి, మళ్ళీ వచ్చి కూర్చోవాలి. రికార్డు మీద బ్యాండు యజమాని పేరు మాత్రం పెద్దక్షరాల్లో ఉండేది. కింద సన్నగా గానంతో సహా అని వేసేవాళ్ళు, ఎవరి గానమో వేసేవాళ్ళు కాదు.

ఆవిడ పాడిన పాటొకటి ఆ రోజుల్లో దేశమంతా పాడుకున్నారుట. పాడిందెవరో ఎవరికీ తెలీదు. కొన్నేళ్ళకి యజమాని ఇంకో అమ్మాయిని తీసుకొచ్చి, పాటలు నేర్పమని ఈవిడకే అప్పజెప్పాడు. ఈవిడ కూర్చోబెట్టి నేర్పింది. నేర్పడం పూర్తయ్యాక ఆ పిల్ల కుర్చీలో కూర్చుంది, ఈవిడ బస్సు దిగిపోయింది. ఆ తరవాత పెద్ద దుకాణంలో సెంట్లు అమ్ముకుంటూ బతికింది. థైరాయిడ్ ఆపరేషన్‌లో గొంతు నరం దెబ్బతిని పాట పూర్తిగా పోయింది, మాట మటుకు బొంగురుగా మిగిలింది.

“రికార్డు మీద నా పేరు వెయ్యలేదు.” ఈ మాట ఆవిడ నోట నేను ఎన్నిసార్లు విన్నానో! కాఫీ తాగుతూ అనేది, గోళ్ళకి రంగు వేసుకుంటూ అనేది, వాన గురించి మాట్లాడుతూ మధ్యలో అనేది. విన్నన్నిసార్లూ అది నాకు పాతబడేది కాదు. ఎందుకంటే నా లోపలా అలాంటి దిగులే ఒకటి ఉంది.

నేను గుంటూరు దగ్గర మిషన్ కాంపౌండులో పెరిగాను. నాన్న పాస్టరు. ఇంట్లో సినిమా పాట వినబడితే ఆ పూట అన్నం సయించేది కాదు ఆయనకి. నర్సింగ్ స్కూల్ హాస్టల్లో చేరాకే నా నోటికి స్వేచ్ఛ వచ్చింది. హాస్టల్ డే నాడు మా దగ్గర ఒక వేడుక ఉండేది. ఒకమ్మాయి ముందు నిలబడి పెదాలాడిస్తూ అభినయం చేస్తే, ఇంకో అమ్మాయి తెర వెనక నిలబడి పాడేది, అచ్చం సినిమాలోలాగే. పాట అయిపోయాక మా వార్డెనమ్మ స్వయంగా వచ్చి తెర పక్కకి లాగి, పాడిన పిల్లని చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చి, మైకులో పేరు చెప్పేవారు. ఎవరి గొంతైనా సరే దించేసేదాన్ని కాబట్టి ప్రతి ఏడూ తెర వెనక నేనే. తెర తీసినప్పుడు పడే చప్పట్లుంటాయే, అవి పాట మధ్యలో పడేవాటికంటే పెద్దవి. రేడియోలో పాడతానంటే మాత్రం నాన్న ఒప్పుకోలేదు. దేవుడిచ్చిన గొంతు దేవుడికే అన్నారు. తరవాత పెళ్ళి, అమెరికా, డ్యూటీలు, పిల్ల. మైకులో నా పేరు మళ్ళీ ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి వినాలని నాకు ఎంత ఆశో మా ఆయనకి కూడా చెప్పలేదు.

ఆ శనివారం నుంచి ఆవిడ ఇంట్లో నాకు పాఠం మొదలైంది. పాత రికార్డు పెట్టేది. సూది గరగరల వెనకనుంచి ఆవిడ పడుచు గొంతు వచ్చేది, కిందిస్థాయిలో, వెచ్చగా. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ తాళానికి వెంట్రుకవాసి వెనక నడవాలో, మాట చివర్ని ఎలా వదిలెయ్యాలో ఆవిడ చేత్తో చూపిస్తుంటే నేను పట్టుకునేదాన్ని. నా ఇంగ్లీషు యాసని గుంటూరు వాసన లేకుండా చాకిరేవు పెట్టింది. ఆంటీ అని పిలిస్తే మొదట్లో మొహం ముడుచుకునేది, నేనెవరికీ ఆంటీని కాదు అని. మా అమ్మాయి ఒళ్ళో కూర్చుని పిలిచాక మాత్రం ఒప్పుకుంది. నేను గొంతుకి మంచిదని వేణ్ణీళ్ళలో శొంఠిపొడి, తేనె కలుపుకుని తాగుతూ ఆవిడకీ ఒక కప్పు ఇచ్చేదాన్ని. మట్టి తాగినట్టుంది అని తిడుతూనే ఆఖరి చుక్కదాకా తాగేది.

ఆవిడ గొంతు పూర్తిగా నాకు పట్టుబడటానికి రెండు చలికాలాలు పట్టింది. ఒకరోజు రికార్డు మధ్యలో ఆపేసి, మిగతాది పాడమంది. నేను పాడుతుంటే ఆవిడ కిటికీ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఆరోజే ఆవిడ మీద నాకు ప్రేమ పుట్టింది, దాచుకోవడమెందుకు. మా అమ్మ ఎక్కడో ఉంది. ఈ దేశంలో నా ఊపిరి ఎక్కడ ఆగుతోందో చెయ్యి పెట్టి చూసిన మనిషి ఈవిడొక్కతే.

ఎనభైలు వచ్చేసరికి జనానికి ఆ పాత బ్యాండ్ల మీద మళ్ళీ మోజు పుట్టింది. ఆవిడ బ్యాండు యజమాని ఎప్పుడో పోయాడు. అందులో పియానో వాయించినాయన, పొడుగ్గా మెత్తగా మాట్లాడే ముసలాయన, మిగిలినవాళ్ళని పోగేసి దాన్ని నడిపిస్తున్నాడు. ఒక పాత డాన్సు హాల్లో ప్రోగ్రాం పెట్టుకున్నామని, ఆవిడ వచ్చి తన పాట పాడాలని అడగడానికి ఇంటికొచ్చాడు. గొంతు పోయిందని ఆయనకి తెలీదు. ఆవిడ ఏమీ చెప్పకుండా నన్ను పిలిపించి, పాడు అంది. నేను పాడాను. కాసేపటికి వాళ్ళిద్దరూ నన్ను కూర్చోబెట్టి సంగతి చెప్పారు. ఆవిడ మైకు ముందు నిలబడి పెదాలాడిస్తుంది, నేను తెర వెనక ఇంకో మైకులో పాడాలి.

ఇంకెవరైనా అయితే అప్పుడే అనుమానపడేవాళ్ళు. నాకు ఇసుమంతైనా రాలేదు. మన తెలుగువాళ్ళకి ఎలా వస్తుంది చెప్పండి? ఒకరు కనిపించడం, ఇంకొకరు పాడటం, అంతే కదా మనకి సినిమా అంటే. అది దొంగతనం అని మనలో ఎవరనుకున్నారు? పాడినవాళ్ళ పేరు టైటిల్స్‌లో వేస్తాం, ఫొటోకి దండ కూడా వేస్తాం. ఈ దేశంలో దాన్ని మోసం అంటారని, మోసం అన్నాక ఆఖరిదాకా దాచి తీరాలని నా బుర్రకి తట్టలేదు. నేను అడిగింది ఒక్కటే.

“పాట అయ్యాక తెర తీస్తారు కదా?”

“తియ్యకుండా ఎలా ఉంటాను హనీ? నేనే తీస్తాను. నీ పేరు నేనే చెబుతాను,” అంది ఆవిడ.

అనడమే కాదు, ఆ వారమంతా నా పేరు పలకడం ప్రాక్టీసు చేసింది. ముక్కలు ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కా నములుతూ. పియానో ఆయన కూడా రెండుసార్లు పలికి చూసి నవ్వాడు. ఇంటికెళ్ళి మా ఆయనకి చెబితే, “అమెరికావాళ్ళ చేత నీ పేరు పలికిస్తున్నావంటే గట్టిదానివేనే,” అన్నారు.

ఆ సాయంత్రం నేను పెళ్ళినాటి పట్టుచీర కట్టుకున్నాను. తెర వెనక చీకట్లో డ్రమ్ముల పెట్టెల మధ్య నిలబడేదానికి పట్టుచీర ఎందుకంటే, తెర తీస్తారు కదా. ముదురు నీలం వెల్వెట్ తెర, దుమ్ము వాసన. చిన్న సందులోంచి ఆవిడ వీపు కనబడుతోంది. వెండిరంగు గౌను, మోచేతులదాకా గ్లౌజులు, పక్కనే పాతకాలంలోలాగే కుర్చీ. వాయిద్యాలు తగ్గాయి, ఆవిడ లేచింది, నేను ఊపిరి తీశాను. పక్కటెముకల కింద ఆవిడ వేళ్ళు ఉన్నట్టే ఉంది నాకు. పాడాను. ఎలా పాడానో నేను చెప్పుకోకూడదు గానీ, చెబుతాను. అంత బాగా జన్మలో మళ్ళీ పాడలేదు.

హాలు లేచి నిలబడింది. చప్పట్లకి కాళ్ళ కింద చెక్కలు అదిరాయి. నేను కుచ్చిళ్ళు సరిచేసుకున్నాను, పమిట సర్దుకున్నాను, నవ్వు కూడా సిద్ధం చేసుకున్నాను. సందులోంచి చూస్తే ఆవిడ చెయ్యి తెర వైపు కొంచెం కదిలింది. ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను, కదిలింది. అంతలో ఎవరో పూలగుత్తి అందించారు. ఆ చెయ్యి పూలు అందుకుంది. చప్పట్లు తగ్గాయి, పియానో ఆయన తరవాతి పాట మొదలుపెట్టాడు, జనం డాన్సులోకి దిగారు. నేను ఇంకా నిలబడే ఉన్నాను. సామాను మోసే అతను వచ్చి, మేడమ్ కొంచెం జరుగుతారా, పెట్టెలు తియ్యాలి అన్నాడు. ఆ మాట విన్నాకగానీ నాకు విషయం ఎక్కలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఆవిడ నా చెయ్యి పట్టుకుని, జనాన్ని చూడగానే కంగారు పుట్టిందని, సమయం కాదనిపించిందని, వచ్చేసారి తప్పకుండా చెబుతానని అంది. నేను నమ్మాను. నమ్మక ఏం చేస్తాను, అంతగా ప్రేమించిన మనిషిని.

వచ్చేసారి రాలేదు, క్యాసెట్టు వచ్చింది. ఆ సాయంత్రం బ్యాండువాళ్ళు మొత్తం రికార్డు చేశారుట. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తుంటే కార్‌లో రేడియో పెట్టాం. ఆ పాట వచ్చింది. వెనక సీట్లోంచి మా అమ్మాయి, “మమ్మీ, నువ్వు రేడియోలో పాడుతున్నావ్!” అని ఒక్క కేక పెట్టింది. ఆ ఒక్క క్షణం నా గుండె ఎంత ఎగిరిందో. పాట అయ్యాక రేడియో అతను ఆవిడ పేరు చెప్పాడు. కాలం ఆవిడ గొంతుని తాకలేకపోయింది అన్నాడు. ఆవిడ స్టూడియోలోనే ఉంది. మాట బొంగురుగా ఉన్నా పాట ఇంత తేటగా ఎలా ఉందండీ అని అడిగాడు. తాను రోజూ వేణ్ణీళ్ళలో ఎండిన అల్లంపొడి, తేనె కలుపుకుని తాగుతానని, తనకి అది వాళ్ళ నాయనమ్మ నేర్పిందని చెప్పింది ఆవిడ. నాయనమ్మ! నా శొంఠి కూడా వదల్లేదు మహాతల్లి.

మర్నాడు ఆస్పత్రి నుంచి వస్తూనే బేస్‌మెంట్‌కి వెళ్ళాను. ఆవిడ ఆ వేళకి అక్కడ ఉంటుందని తెలుసు. తువ్వాళ్ళు మడతపెడుతోంది. ఎదురుగా నిలబడి, “నా పేరేది?” అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడలేదు. “ఏళ్ళ తరబడి ఆ కుర్చీలో కూర్చున్నాను. నా పేరు ఎవరు వేశారు?” అంది.

“వాళ్ళు మీకు చేసిందే మీరు నాకు చేస్తారా?”

“చేశాను,” అంది. తువ్వాలు అంచులు కలిపి, మడత నొక్కింది. “నీకు ముందు బోలెడు కాలముంది. నాకు ఇదొక్కటే. అయినా నువ్వు చెబితే ఎవరు నమ్ముతారు హనీ? నిన్ను నువ్వు చూసుకో.”

నన్ను నేను చూసుకోలేదు గానీ ఆవిడ చూసిన చూపు చూశాను. జడనుంచి చెప్పులదాకా. అన్నాళ్ళూ ఒళ్ళో కూర్చోబెట్టుకున్న మా అమ్మాయి రంగుని, తాగిన శొంఠినీళ్ళని, తిన్న నా చేతి పులిహోరని, అన్నిటినీ కలిపి చూసిన చూపు అది. అరిస్తే గోడలు మోగుతాయని తెలుసు. అయినా అరిచాను. ఆవిడ బుట్ట ఎత్తుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

పియానో ఆయనకి ఫోన్ చేశాను. జరిగినదానికి బాధగా ఉందని, ఇప్పుడు నిజం చెబితే ముసలివాళ్ళందరి బతుకూ బజారున పడుతుందని, కొన్నాళ్ళు ఆగమని మెత్తగా బతిమాలాడు. మా ఆయన సంగతి సరేసరి. “పోనీలేవే. పాడావు, అందరూ విన్నారు. ఇంకేం కావాలి నీకు? లాయర్లూ గొడవలూ మనకెందుకు, పిల్ల ముందు ఆ మాట ఎత్తకు,” అన్నారు. విన్నది నన్ను కాదు అంటే ఆయనకి అర్థం కాలేదు. మా తెలుగు చర్చిలో ఒకావిడకి చెప్పుకుంటే, ఇంగ్లీషు డాన్సు పాటలు మనకెందుకండీ అంది. అంతే, నోరు కట్టేసుకున్నాను. వేరే ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయాం. శొంఠినీళ్ళు తాగడం కూడా మానేశాను.

ఎనభైలు అయిపోతుండగా ఆవిడ పోయింది. పియానో ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. సంతాపసభకి వెళ్ళకూడదనుకున్నాను, వెళ్ళాను. మా అమ్మాయి అప్పుడే డ్రైవింగ్ నేర్చుకుంటోంది, అదే నడుపుతానని వెంట వచ్చింది. చర్చి హాల్లో ముందు ఆవిడ ఫొటో పెట్టారు, గ్లౌజులతో కుర్చీలో కూర్చున్నది. పక్కన టేప్ రికార్డర్. అందులో నేను పాడుతున్నాను. హాలంతా రుమాళ్ళు తీసి ఏడుస్తోంది. నా గొంతు విని, ఆవిడ కోసం. వాళ్ళ మధ్య నేనొక్కదాన్నే కన్నీరు లేకుండా కూర్చున్నాను.

టేపు ఆగాక, ఎవరైనా నాలుగు మాటలు చెబుతారా అని అడిగారు. నేను లేచాను. మాటలు ఎవరూ నమ్మరని ఆవిడే చెప్పింది కదా, పాడితే నమ్మక చస్తారా అనుకున్నాను. పియానో ముందు కూర్చున్న ఆ ముసలాయన దగ్గరికెళ్ళి, అదే శ్రుతిలో వాయించండి అన్నాను. ఆయన చేతులు ఒక్క క్షణం ఆగాయి. తరవాత వాయించాడు. నేను జనం వైపు తిరిగి, మధ్యలో తెరా గిరా ఏమీ లేకుండా, మొదటినుంచి చివరిదాకా పాడాను. అదే ఊపిరి, అదే వెంట్రుకవాసి ఆలస్యం, మాట చివర అదే వదలడం. ఇప్పుడు తెలుస్తుంది, ఇప్పుడు ఎవరో ఒకరు లేచి నన్ను గుర్తుపడతారు అని ఒక్కో మొహం వెతుకుతూ పాడాను.

మెల్లగా చప్పట్లు కొట్టారు. టోపీ పెట్టుకున్న ఒక ముసలావిడ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, ఆ క్యాసెట్టు రాత్రింబవళ్ళూ విని ఉంటావు పాపం, ఎంత బాగా అనుకరించావు అంది. ఇంకొకాయన, అచ్చం ఆవిడలాగే ఉంది గానీ ఆవిడ ఆవిడే అన్నాడు. నేను పియానో వైపు తిరిగాను. “మీరు చెప్పండి,” అన్నాను. ఆ నిజం కళ్ళారా చూసిన మూడో మనిషి ఆయనే, ఆవిడ పోయాక ఇప్పుడు రెండో మనిషి.

ఆయన నా కళ్ళలోకి చూశాడు. చూసి, వాళ్ళ వైపు తిరిగి, “చాలా శ్రద్ధగా నేర్చుకుంది. మా గాయని అంటే ఈమెకి ప్రాణం,” అన్నాడు. పియానో మూత వేశాడు.

తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా, “అమ్మా, యు వర్ సో గుడ్. నువ్వు ఎగ్జాక్ట్‌గా ఆంటీలా పాడావ్,” అంది.

పక్కకి ఆపమన్నాను. ఒక పెట్రోల్ బంకు దగ్గర ఆపింది. అన్నీ చెప్పాను. హాస్టల్ తెర, నీలం తెర, శొంఠి, తువ్వాళ్ళు, అన్నీ. చిన్నప్పుడు వెనక సీట్లోంచి నువ్వే కేక పెట్టావు, నా గొంతని నువ్వే గుర్తుపట్టావు, ఇంకెవరూ పట్టలేదు అన్నాను. దానికి గుర్తులేదు. అది నా చెయ్యి నిమిరింది, ఆస్పత్రిలో మేము పేషెంట్ల చేతులు నిమిరినట్టు.

“ఓకే అమ్మా. బట్ హౌ విల్ ఎనీవన్ నో?”

“ఇప్పుడే విన్నావు కదే,” అన్నాను.

“విన్నాను,” అంది. “అందుకే కదా చెప్తున్నా, ఆంటీలాగే ఉంది అని.”